రెండిళ్ల లెక్క

బజారు వాళ్లు ఆమెకు పెట్టిన పేరు తూకాలమ్మ. తూనికలు కొలతల శాఖలో ముప్ఫై ఒక్క ఏళ్లు ఇన్‌స్పెక్టరుగా పనిచేసింది. చేతిలో తోలు పెట్టె, పెట్టెలో గుంటల్లో ఒదిగి కూర్చున్న ఇత్తడి గుండ్లు. ఆమె వీధి మలుపు తిరిగిందంటే తక్కెడ ముల్లు దానంతటదే నిటారుగా నిలబడుతుందని వర్తకులు నవ్వుకునేవాళ్లు. ఆ మాట చెవిన పడినప్పుడు ఆమెకు కోపం రాలేదు సరికదా, ఇంటికి వెళ్లి అక్క కొడుక్కి చెప్పి మరీ నవ్వింది.

అక్క కొడుకు కాలేజీ చదువు కోసం వచ్చి నాలుగేళ్లు ఆమె దగ్గరే ఉన్నాడు. ఆమె పెళ్లి చేసుకోలేదు. ఎందుకని ఎవరైనా అడిగితే తీరిక దొరకలేదనేది. మూడో అంతస్తులో రెండు గదుల ఇల్లు. వాడున్నన్నాళ్లూ ఆ ఇంట్లో తలుపులు దబదబ మోగేవి, బాత్రూమ్‌లో పాటలు వినిపించేవి, హాల్లో టీవీకి తగిలించిన గేమ్ పెట్టె ముందు వాడి కేకలు పక్కింటిదాకా వెళ్లేవి. చదువు అయిపోయింది. వేరే ఊళ్లో ఉద్యోగం వచ్చింది. అదే నెలలో ఆమె రిటైరయింది. ఒక్క నెలలో ఆఫీసూ ఇల్లూ రెండూ ఖాళీ అయిపోయాయి.

వాడు బట్టలూ పుస్తకాలూ తీసుకెళ్లి గేమ్ పెట్టెను వదిలేశాడు. అది పాత రకం, కొత్తది కొనుక్కుంటానన్నాడు. వెళ్లే ముందు ఆమెను కూర్చోబెట్టి ఒక సంగతి చూపించాడు. ఆట ఆడనప్పుడు ఆ పెట్టె ఊరికే ఉండదు, సైన్సు వాళ్లకు లెక్కలు చేసిపెడుతుంది. ఒంట్లో ప్రోటీన్లు పొడుగాటి దారాల్లా తయారై, తర్వాత మడతలు పడి ఒక రూపానికి వస్తాయట. మడత సరిగ్గా పడితే అది దాని పని చేసుకుంటుంది, తప్పుగా పడితే జబ్బు. ఏ మడత ఎలా పడుతుందో లెక్క కట్టాలంటే ఒక్క కంప్యూటరుకు వందల ఏళ్లు పడుతుంది. అందుకని పరిశోధకులు ఆ లెక్కను లక్షల ముక్కలు చేసి, సరేనన్న వాళ్ల ఇళ్లకు నెట్‌లో పంపిస్తారు. తెర మీద బొమ్మలను పరుగులు పెట్టించడానికి గేమ్ పెట్టె చేసే లెక్కలూ ఇవీ ఒకే జాతివి కాబట్టి ఈ పనికి అది బాగా పనికొస్తుంది.

“దుప్పటి మడత పెట్టడం లాంటిదే పిన్నీ, ఒక మూల తేడా వస్తే మొత్తం తేడా,” అన్నాడు. “నువ్వేం చెయ్యక్కర్లేదు. స్విచ్ కట్టెయ్యకుండా ఉంటే చాలు.”

ఆ ఖాతాకు వాడు పెట్టిన పేరు ‘పిన్ని ఇల్లు’. కాలేజీలో పోటీకని మొదలుపెట్టాడట.

ఆమె స్విచ్ కట్టలేదు. ప్రోటీన్ల మీద ప్రేమతో కాదు. వాడు వెళ్లిన మర్నాడు పొద్దున్న వంటింట్లో నిలబడితే ఇల్లంతా చెవులు మూసుకున్నట్టుగా ఉంది. హాల్లోంచి ఆ పెట్టెలోని ఫ్యాను మాత్రం సన్నగా, మనిషి ఊపిరి తీసినట్టు, ఆగకుండా వినిపిస్తోంది. పక్క గదిలో ఎవరో కూర్చుని పని చేసుకుంటున్నట్టే అనిపించింది. అప్పటినుంచి ఆమె వంట చేస్తున్నా, పేపరు చదువుతున్నా ఆ చప్పుడు ఒక చెవిలో ఉండేది. దుమ్ము పడుతుందని పాత కర్టెను చింపి, అంచులు కుట్టి, దానికి తొడుగు వేసింది. తలుపులున్న అలమరలో జాగ్రత్తగా పెట్టింది.

అక్క కొడుకు మొదట్లో ప్రతి ఆదివారం ఫోన్ చేసేవాడు. తర్వాత రెండు వారాలకోసారి. ఆ తర్వాత ఆమే ఇన్నాళ్లయిందని లెక్కపెట్టుకోవడం మానేసింది.

కూర్చుని కూర్చుని ఒకరోజు ఆమె కంప్యూటర్‌లో ఆ సైన్సు వాళ్ల పేజీ తెరిచింది. ‘పిన్ని ఇల్లు’ ఇప్పటిదాకా చేసిన ముక్కల పట్టిక అక్కడుంది. ఒక్కో ముక్క ఏ తేదీన వచ్చింది, ఎప్పుడు వెళ్లింది అన్నీ ఉన్నాయి. ముప్ఫై ఒక్క ఏళ్లు రిజిస్టర్లు చూసిన కళ్లకు అది పండగలా అనిపించింది. చదివేకొద్దీ ఇంకో విషయం తెలిసింది. ఏ ముక్కనూ ఒక్క ఇంటికే పంపరు. ఒకే ముక్క రెండిళ్లకు వెళుతుంది. రెండు జవాబులూ అంకెకు అంకె కలిస్తేనే ‘సరిపోయింది’ అని రాసుకుంటారు. కలవకపోతే మూడో ఇంటికి పంపి, ఏ రెండు కలిస్తే వాటినే తీసుకుంటారు.

ఆమెకు ఈ ఏర్పాటు చాలా నచ్చింది. మనిషి మాట మీద కాక, రెండు తక్కెడలు ఒకటే చెబితే నమ్మడం. తన ముక్కకు జంటగా ఏ ఇల్లు పడిందో కూడా పట్టికలో ఉంటుంది. ఆ పాత రకం గేమ్ పెట్టెలు అప్పటికే తగ్గిపోతున్నాయి, పైగా ఏ ప్రాంతం పెట్టెలకు ఆ ప్రాంతంలోనే జంట కడతారు. అందుకని పదీ పదిహేను పేర్లే మళ్లీ మళ్లీ వస్తుండేవి. వాటిలో ఎక్కువసార్లు కనిపించే పేరు ‘నాలుగో నంబరు గది’.

ఆ పేరుతోనే గొడవ వచ్చింది. ఒక వారంలో ఆరు ముక్కలు ఆ ఇంటి జవాబుతో కలవలేదు. ఆరింటికీ ఎదురుగా ఎర్ర గుర్తు. తూకాలమ్మలో నిద్రపోతున్న ఇన్‌స్పెక్టరు లేచి కూర్చుంది. సభ్యులు ఒకరికొకరు రాసుకునే చోట, ఆ పేరు మీద, అలవాటైన భాషలో ఇలా రాసింది: “తమ యంత్రము ఇచ్చిన ఫలితములు మా యంత్రపు ఫలితములతో వరుసగా ఆరు పర్యాయములు సరిపోలనందున, తమ యంత్రమును వెంటనే తనిఖీ చేయించుకొనవలసినదిగా ఇందుమూలముగా తెలియజేయడమైనది.”

మధ్యాహ్నానికి జవాబు వచ్చింది.

“అమ్మా, నమస్కారం. మీ ఉత్తరం చూసి భయమేసి లేచి నిలబడ్డాను. ఆ ఆరు ముక్కలూ మూడో ఇంటికి కూడా వెళ్లొచ్చాయి. ఆరింటిలోనూ మూడో ఇల్లు నాతోనే కలిసింది. ఎర్ర గుర్తు కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది, ఒకసారి చూడండి. మీ పెట్టె ఎక్కడైనా మూసిన చోట ఉందా? నాది ఒకప్పుడు మంచం కింద ఉండేది. అప్పుడు అదీ ఇలాగే చేసింది.”

ఆమె చిన్న అక్షరాలు చూసింది. పట్టికలో వెనక్కి వెళ్లింది. అలమరలో పెట్టిన నెల నుంచి ఎర్ర గుర్తులు మొదలయ్యాయి. అప్పుడు ఒకటీ అరా, తర్వాత రోజుకు రెండేసి. మొత్తం రెండు వందల పద్నాలుగు. ఇన్నాళ్లూ ముక్క వెళ్లిందా లేదా అనే చూసింది గానీ, సరిగ్గా వెళ్లిందా అని చూడలేదు. ఊరందరి తక్కెడలూ సరిచూసిన మనిషి ఇంట్లో తప్పుడు తూకం. కంచే చేను మేసింది. 

పెట్టెను సంచిలో పెట్టుకుని, రెండు వీధుల అవతల మరమ్మతు షాపుకు నడిచింది. అక్కడ పనిచేసే అమ్మాయి నాలుగు మరలు తిప్పి మూత తీసి ఆగిపోయింది. లోపల ఫ్యాను రెక్కల మీద, సందుల్లో, నూలు వడికినట్టుగా బూడిదరంగు పొర.

“ఇది దుమ్ము కాదమ్మా, పరుపు,” అంది ఆ అమ్మాయి. తొడుగు గుడ్డను అటూ ఇటూ తిప్పి చూసింది. “దీన్ని ఎవరు కప్పారు?”

“నేనే కుట్టాను.”

ఆ అమ్మాయి గుడ్డ పక్కన పెట్టింది. లోపలి దుమ్ము ఊదేసి, చిప్పు వేడిని లాగే పేస్టు ఎండి పెళుసెక్కితే దాన్ని గీకి కొత్తది రాసి, వేడి బయటికి పోయే దారి లేకపోతే లోపలి చిప్పు కాగిపోయి లెక్క తప్పుతుందని, గోడకు జానెడు దూరంలో పెట్టమని చెప్పింది.

ఆమె ఉద్యోగంలో ఉండగా ఒకసారి ఇలాంటిదే జరిగింది. ఏడాదికోసారి ఇన్‌స్పెక్టర్ల గుండ్లను కూడా పై ఆఫీసులో సరిచూస్తారు. అప్పుడు ఆమె అర కిలో గుండు అరిగి ఉందని తేలింది. పై అధికారి కొత్తది ఇచ్చి, సంతకం పెట్టించుకుని, ఆ మాట అక్కడికి వదిలేయమన్నాడు. ఆమె వదల్లేదు. ఆ గుండుతో తాను ముద్ర వేసిన పదకొండు దుకాణాలకూ మళ్లీ వెళ్లి, నా గుండు తప్పు, మీ తక్కెడ మళ్లీ చూస్తాను అని చెప్పింది. ఇప్పుడూ అదే చేద్దామని సైన్సు వాళ్లకు ఉత్తరం రాసింది. తన ఇంటినుంచి వెళ్లిన రెండు వందల పద్నాలుగు ముక్కలు తప్పు, వాటి జాబితా జతచేశాను, మళ్లీ పంపితే మళ్లీ చేసిస్తాను అని.

నాలుగు రోజుల తర్వాత ఒక పరిశోధకురాలు జవాబిచ్చింది. చాలా మర్యాదగా ఉంది ఆ ఉత్తరం. తప్పులేవీ లెక్కలోకి రాలేదని, రెండు జవాబులు కలవకపోతే తీసుకోరు కాబట్టి ఏ నష్టమూ జరగలేదని, ఆ ముక్కలన్నీ వేరే ఇళ్లలో ఎప్పుడో పూర్తయ్యాయని, ఆమె బాధపడవలసిన అవసరం లేదని రాసింది. తూకాలమ్మ దాన్ని రెండుసార్లు చదివింది. నష్టం జరగనందుకు సంతోషించాలి. కానీ నాలుగు నెలలు తన ఇంట్లో ఏం జరిగినా ఎవరికీ ఏ తేడా రాలేదన్న మాట కూడా అందులోనే ఉంది. అది చెప్పులో రాయిలా మిగిలిపోయింది.

నాలుగో నంబరు గదికి క్షమాపణ రాసింది. ఈసారి మామూలు భాషలో. అలా మొదలైంది ఆ ఉత్తరాల వ్యవహారం.

ఆయన పాత హైవే మీద లాడ్జి నడుపుతాడు. పదకొండు గదులు. వచ్చేవాళ్లంతా లారీ డ్రైవర్లు, సరుకు అమ్ముకునే వాళ్లు. పందొమ్మిదేళ్ల నుంచి రోజూ కొత్త మొహాలే చూస్తున్నానని, ఒక మొహం గుర్తుపెట్టుకునేలోపు అది వెళ్లిపోతుందని రాశాడు. గేమ్ పెట్టె ఒక కుర్రాడు నాలుగో నంబరు గదిలో మర్చిపోయి వెళ్లాడు. రెండేళ్లు దాచాడు. వాడు రాలేదు. దాన్ని ఆ గదిలోనే టీవీకి తగిలించి ఉంచితే, గదిలో దిగినవాళ్లు కాసేపు ఆడుకునేవాళ్లు. మనిషి లేనప్పుడు అది లెక్కలు చేసుకునేది.

ఇద్దరూ పెద్దగా రాసుకునేవాళ్లు కాదు. వారానికి రెండు మూడు వరుసలు. ఈ వారం ఎన్ని ముక్కలు, వానలో కరెంటు పోయిందా, ఫ్యాను ఎలా ఉంది. ఆమె పొద్దున్నే కాఫీ గ్లాసుతో పట్టిక తెరిచి, ‘నాలుగో నంబరు గది’ ఎదురుగా పచ్చ గుర్తులు చూసుకునేది. తను ఎంత చేసిందో ఆ ఇల్లూ అంతే చేసి, అదే అంకె చెప్పింది. ఈ లోకంలో ఇంకెవరితోనూ ఆమెకు అంత ఖచ్చితంగా మాట కలవలేదు.

ఆ చలికాలం ఆయన ముక్కలు పెరగడం మొదలయింది. రోజుకు రెండు చేసేది మూడయింది, మూడు నాలుగయింది. ఆమె తన పెట్టె వెనకబడుతోందని గమనించి, మెచ్చుకుంటూ రాసింది: మీ పెట్టె ఈ మధ్య పరుగులు పెడుతోంది, ఏం చేశారు?

ఒకరోజు గడిచాక జవాబు వచ్చింది. “ఏం చెయ్యలేదమ్మా. బైపాస్ రోడ్డు తెరిచారు. గదిలోకి మనిషి రావడంలేదు.”

 ఆమె సానుభూతి మాటలు రాసి కొట్టేసింది. చివరికి, మా ఇంట్లోనూ ఎవరూ ఆడరు, అని రాసి పంపింది. అప్పటినుంచి పచ్చ గుర్తులు పెరిగినప్పుడల్లా ఆమెకు లోపల కలుక్కుమనేది.

వేసవికి ముందు సైన్సు వాళ్ల ప్రకటన వచ్చింది. పాత గేమ్ పెట్టెలకు ముక్కలు పంపడం ఆపేస్తున్నామని, ఇప్పుడు తమ దగ్గరే పెద్ద యంత్రాలున్నాయని, ఇన్నాళ్లూ సాయం చేసిన ఇళ్లన్నిటికీ కృతజ్ఞతలని. రెండు నెలల గడువిచ్చారు. ఆ ప్రాంతపు పట్టికలో తొమ్మిది పేర్లుండేవి. ప్రకటన వచ్చిన వారానికి అయిదయ్యాయి. నెల తిరిగేసరికి మిగిలినవి రెండే. పిన్ని ఇల్లు, నాలుగో నంబరు గది. ఇక ప్రతి ముక్కకూ ఆయన జంట ఆమే, ఆమె జంట ఆయనే. మూడో ఇల్లు లేదు.

ఆఖరి ముక్క వచ్చింది, మామూలు వాటికన్నా చాలా పెద్దది, రెండు రోజుల పని. శనివారం సాయంత్రం ఆరింటికి గడువు. ఆమె పెట్టె మంగళవారానికే పూర్తి చేసి పంపింది. ఎదురుగా ‘జంట కోసం ఎదురుచూపు’ అని పడింది. బుధవారమూ అంతే. గురువారం ఆమె ఉత్తరం రాసింది. ఉలుకూ లేదు, పలుకూ లేదు. శుక్రవారం పరిశోధకురాలికి రాస్తే, ఒక్క ముక్క కలవకపోయినా పరవాలేదని, దాన్ని పక్కన పెట్టేస్తామని జవాబు వచ్చింది.

పక్కన పెట్టడం ఏమిటని ఆమెకు కోపం వచ్చింది. ఆ కోపం ముక్క గురించేనని తనకు తాను చెప్పుకుంది. లారీలు తూచే కాటా ఎదురుగా తన లాడ్జి అని ఆయన ఒకసారి రాశాడు. పాత హైవే మీద అలాంటి కాటా ఒక్కటే. దానికి ముద్ర వేసింది ఆమే.

శనివారం పొద్దున బస్సెక్కింది. రెండు గంటల ప్రయాణం. దిగేసరికి పదకొండున్నర. రోడ్డు మీద ఒక కుక్క నడిమధ్యన పడుకుని ఉంది, దాన్ని లేపే బండి లేదు. కాటా తుప్పుపట్టింది. ఎదురుగా రెండంతస్తుల మేడ. బోర్డు తీసేసిన చోట గోడ మీద తెల్లటి చారిక. వరండాలో పరుపులు ఒకదాని మీద ఒకటి పేర్చి, తాళ్లతో కట్టి ఉన్నాయి. వాటి పక్కన అరవై దాటిన సన్నటి మనిషి స్టూలు మీద కూర్చుని తాళంచెవులకు ఉన్న నంబరు బిళ్లలు విప్పుతున్నాడు.

ఆమె మెట్ల కింద ఆగి అడిగింది. “నాలుగో నంబరు గది మీదేనా?”

ఆయన తలెత్తి చూశాడు. గదులివ్వడం లేదని చెప్పబోయి ఆగాడు. మెల్లగా లేచి నిలబడ్డాడు.

“పిన్ని ఇల్లా?”

“అవును.”

ఆయన స్టూలు తుడిచి ఆమెకు ఇచ్చాడు. జరిగింది కొద్ది మాటల్లో చెప్పాడు. మేడ అమ్మేశాడు. మంగళవారం కరెంటు మీటరు పీకేశారు, నెట్టూ పోయింది. సోమవారం కూల్చడానికి వస్తారు. తను చెల్లెలి ఊరికి వెళుతున్నాడు. పెట్టె నాలుగో నంబరు గదిలో అలాగే ఉంది, ముక్క నూటికి ఎనభై తొమ్మిది వంతుల దగ్గర ఆగిపోయింది.

“ముందే రాయాల్సింది,” అన్నాడు. “రాద్దామని రోజూ కూర్చునేవాణ్ణి. రాస్తే మీరొక్కరే మిగులుతారు. అది రాయడానికి చెయ్యి రాలేదు.”

 ఆమె గడియారం చూసి, మిగిలిన పదకొండు వంతులకు అయిదుంబావు గంటలు కావాలని లెక్క కట్టింది. పెట్టెను ఆమె ఇంటికే తీసుకెళ్లి పెట్టుకోమన్నాడాయన. బస్సులోనే రెండు గంటలు పోతాయని ఆమె చెప్పింది. అదీకాక రెండు తక్కెడలను ఒకే కొట్లో పెట్టి, ఒకదాన్నొకటి చూసుకోమంటే అది తనిఖీ కాదంది. ఆయన అంత సీరియస్ మాటకీ కొంచెం నవ్వాడు.

కాటా పక్కన పంక్చర్ షాపు ఒకటి ఇంకా నడుస్తోంది. షాపు మనిషికి లాడ్జి ఆయనంటే గౌరవం. విషయం సగమే అర్థమైనా, టీవీ ముందు నుంచి లేచి, తను చూస్తున్న ఆట ఆపేసి, ప్లగ్గు ఇచ్చాడు. పన్నెండింటికి పెట్టె మొదలైంది. ఎనభై తొమ్మిది. టైర్ల మధ్య మూడు ప్లాస్టిక్ కుర్చీలు వేసుకుని కూర్చున్నారు.

అరగంట కాకముందే ఒక లారీ వచ్చి ఆగింది. షాపు మనిషి అలవాటుగా గాలి మోటారు స్విచ్ వేశాడు. మోటారు ఒక్కసారి గుంజుకునేసరికి లైటు మసకబారింది, టీవీ నల్లబడింది, గేమ్ పెట్టె ఆగి మళ్లీ మొదలయింది. చివరిసారి దాచుకున్న చోటికి వెనక్కి వెళ్లి ఎనభై తొమ్మిది అని చూపించింది. అరగంట గంగలో కలిసింది. ఇక మిగిలిన సమయం సరిగ్గా అయిదున్నర గంటలు. షాపు మనిషి నాలుక్కరుచుకుని, సాయంత్రందాకా మోటారు ముట్టనని ఒట్టు పెట్టుకున్నాడు. లారీ డ్రైవరు సణిగాడు. తర్వాత లాడ్జి ఆయన్ను గుర్తుపట్టి, మీ దగ్గర ఎన్నోసార్లు పడుకున్నానండీ అని, వెళ్లి లారీలోనే నిద్రపోయాడు. సైకిళ్లూ మోటారుసైకిళ్లూ వస్తే లాడ్జి ఆయనే లేచి కాలిపంపుతో గాలి కొట్టాడు.

మధ్యాహ్నం ఎండ షాపు రేకు మీద టకటకమంటోంది. తొంభై ఒకటి. తొంభై మూడు. ఇద్దరూ తెర వైపే చూస్తూ కూర్చున్నారు. ఇన్నాళ్లూ రాసుకున్న వాళ్లకు పక్కపక్కన కూర్చుంటే మాట కష్టమైంది. ఆయనే చాలాసేపటికి అడిగాడు.

“మీరు ఎందుకు నడిపారమ్మా ఇన్నాళ్లూ?”

ఆమెకు సైన్సు కోసమని చెప్పాలనిపించింది. కానీ అబద్ధం ఆమె నోటికి అలవాటు లేదు.

“దాని ఫ్యాను చప్పుడు కోసం,” అంది. “ఇంట్లో ఎవరో ఉన్నట్టుంటుంది.”

ఆయన తల ఊపాడు.  “నేను ఆ గది తలుపు తీసి ఉంచేవాణ్ణి. కిందికి వినపడుతుందని.”

తెర మీద తొంభై అయిదు పడింది. ఇందాకటి ఇబ్బంది ఇప్పుడు లేదు.

అయిదూ ముప్పావుకు నూరు పూర్తయింది. షాపు మనిషి ఫోన్‌లో నెట్ తెరిచి ఇచ్చాడు. జవాబు వెళ్లేలోపు ఆమె సంచిలోంచి చీటీ తీసింది. తన పెట్టె ఇచ్చిన జవాబు దాని మీద రాసి తెచ్చుకుంది. ఆమె ఒక్కో అంకే పైకి చదువుతుంటే ఆయన తెర మీద వేలు పెట్టి చూశాడు. పద్నాలుగు అంకెలు. ఒక్కటీ తప్పలేదు. ఆరింటికి నాలుగు నిమిషాల ముందు పేజీలో పచ్చ గుర్తు పడింది. ‘సరిపోయింది.’ షాపు మనిషి ఇద్దరి మొహాలూ చూసి, గెలిచారా అని అడిగాడు. గెలిచామని లాడ్జి ఆయన చెప్పాడు.

అప్పుడే అవతల బస్సు హారన్ వినిపించింది. ఊరికి వెళ్లే చివరి బస్సు అదే. ఆమె సంచి పట్టుకుని పరుగులాంటి నడకతో వెళ్లి ఎక్కింది. వెనక్కి చూస్తే ఆయన టైర్ల పక్కన నిలబడి చెయ్యెత్తి ఉన్నాడు. బస్సు రెండు స్టాపులు దాటాక గుర్తొచ్చింది. పద్నాలుగు అంకెలు సరిచూసుకున్నారు గానీ, ఫోన్ నంబరు పది అంకెలు ఎవరూ అడగలేదు.

మర్నాడు పొద్దున పట్టిక తెరిస్తే తెరుచుకోలేదు. సభ్యులు రాసుకునే చోటు కూడా మూసేశారు. గేమ్ పెట్టె తెర మీద ‘పని లేదు’ అని ఒక్క వరుస. పని లేకపోవడంతో లోపలి వేడి తగ్గి, ఫ్యాను మెల్లమెల్లగా నెమ్మదించి ఆగిపోయింది. ఆమె హాలు మధ్యలో నిలబడిపోయింది. వంటింట్లో కుళాయి చుక్క పడటం ఆ ఇంట్లో ఆమె మొదటిసారి విన్నది.

అక్క కొడుక్కి ఫోన్ చేసి, అయిపోయిందిరా అని చెప్పింది. వాడికి ఏది అయిపోయిందో అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది.

“అయ్యో పిన్నీ, ఇన్నాళ్లూ నడుపుతూనే ఉన్నావా,” అన్నాడు. “నేనసలు మర్చేపోయాను.” తర్వాత ఒంట్లో బాగానే ఉందా అని అడిగాడు. బాగానే ఉన్నానంది.

పది రోజులకు పరిశోధకురాలి నుంచి చివరి ఉత్తరం వచ్చింది. ఆఖరి ముక్క ఏమైందని ఆమె అడిగింది కాబట్టి చూసి చెబుతున్నానని రాసింది. ఆ ఆఖరి ముక్కలో ప్రత్యేకమైనదేమీ లేదు, అలాంటివి నాలుగు లక్షలున్నాయి. అయితే జవాబు సరైనదే, లెక్కలో చేర్చారు. తూకాలమ్మ ఆ ఉత్తరం మడిచి పెట్టుకుంది. ఒక గుండు ఒకసారికి ఒక్క తక్కెడలోనే తూగుతుంది. దాని పని అంతే.

ఆ వారంలోనే మళ్లీ పాత హైవే బస్సెక్కింది. లాడ్జి ఉన్న చోట ఇటుకల కుప్ప, మీదికి ఎక్కడికీ వెళ్లని నాలుగు మెట్లు మిగిలాయి. పంక్చర్ షాపు మనిషి ఆమెను చూడగానే చేతిలో టైరు వదిలేసి వచ్చాడు.

“గురువారం ఆయన వచ్చాడమ్మా. చెల్లెలి ఊరినుంచి పనిగట్టుకుని వచ్చాడు. మీ నంబరు ఉందా అని అడిగాడు. నా దగ్గరెక్కడిది?”

“ఆయన నంబరు తీసుకున్నారా?”

షాపు మనిషి చెయ్యి నుదుటికి వెళ్లింది. తీసుకోలేదు. ఫోన్ లేదన్నాడని, కొత్తది తీసుకున్నాక మళ్లీ ఒకసారి వస్తానని మాత్రం చెప్పి వెళ్లాడని అన్నాడు. ఎప్పుడో చెప్పలేదు.

ఆమె షాపు గోడ వైపు చూసింది. తలుపు పక్కన డ్రైవర్లు సుద్దతో, బొగ్గుతో రాసుకున్న నంబర్లు చాలా ఉన్నాయి. సగం చెరిగిపోయి ఉన్నాయి. రాయడానికి ఏమైనా ఉందా అని అడిగింది. షాపు మనిషి సుద్ద ఇవ్వబోయి, వానకు పోతుందని తనే ఆగి, టైర్ల మీద గుర్తులు పెట్టే పసుపు మైనపు కడ్డీ వెతికి తెచ్చాడు.

ఆమె అరచేత్తో గోడ తుడిచింది. కళ్లజోడు సరిచేసుకుని, పైన ‘పిన్ని ఇల్లు’ అని రాసి, దాని కింద పది అంకెలూ దూరం దూరంగా, పెద్దవిగా రాసింది. రెండడుగులు వెనక్కి వేసి, ఎడమ నుంచి కుడికి ఒకసారి, కుడి నుంచి ఎడమకు ఒకసారి చదువుకుంది. తర్వాత షాపు మనిషిని పిలిచి, అతనితో పైకి చదివించి విన్నది.

అన్నీ సరిగ్గానే ఉన్నాయి. బస్సుకు ఇంకా గంట ఉంది. ఆమె ప్లాస్టిక్ కుర్చీ నీడలోకి లాక్కుని కూర్చుంది.